నాలుగు దారుల కూడలి

పాఠ్యభాగ పరిచయం

ఒక పట్టణ చరిత్రను కోటలు, దేవాలయాలు, శాసనాలు మాత్రమే చెప్పవు. ఆ పట్టణానికి వచ్చిన దారులు కూడా చెబుతాయి. విజయవాడ రైల్వే కూడలి ఏర్పడిన విధానాన్ని, దాని వలన ఆ పట్టణానికీ, చుట్టుపక్కల ప్రాంతాలకూ కలిగిన లాభనష్టాలనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

రెండు లేక అంతకంటె ఎక్కువ రైలుమార్గాలు కలిసే స్టేషనును జంక్షన్ అంటారు. తెలుగులో దానికి 'కూడలి' అనే చక్కని మాట ఉన్నది. ప్రయాణికునికి కూడలి అంటే బండి మారే చోటు. చరిత్రను పరిశీలించేవారికి దాని అర్థం ఇంకా విస్తృతంగా కనిపిస్తుంది. ఏ దారి ఎక్కడ ఏ దారితో కలవాలో నిర్ణయించేవారు, తెలిసో తెలియకో, ఏ ఊరు పెరగాలో ఏ ఊరు తగ్గాలో కూడా నిర్ణయిస్తారు. ఈ సత్యాన్ని గ్రహించడానికి విజయవాడ రైల్వే స్టేషను చరిత్ర చక్కని ఉదాహరణ. పూర్వం బెజవాడగా ప్రసిద్ధమైన ఈ పట్టణం నూరేళ్లలో మహానగరంగా ఎదగడానికి కారణమేమిటో ఆ చరిత్రలో కనిపిస్తుంది.

రైలు రాకముందే బెజవాడకు ప్రకృతి ఒక ప్రత్యేకతను ఇచ్చింది. పడమటి కనుమల నుండి దిగివచ్చే కృష్ణానది ఇక్కడ ఇంద్రకీలాద్రికి, ఆవలి ఒడ్డున ఉన్న సీతానగరం కొండకు మధ్య ఇరుకుగా ప్రవహిస్తుంది. ఈ చోటు దాటగానే నది విశాలమైన డెల్టాలోకి ప్రవేశిస్తుంది. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్నా, వంతెన వేయాలన్నా ఇంతకంటె అనువైన స్థలం ఆ చుట్టుపట్ల లేదు. సర్ ఆర్థర్ కాటన్ గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన వెంటనే, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది.

ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరిచ్చాయి. వాటితోపాటు పడవలకు దారి కూడా ఇచ్చాయి. బెజవాడ నుండి ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాకు, బందరు కాలువ మీదుగా సముద్రతీరానికి, దక్షిణాన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసుకు పడవలు నడిచేవి. వడ్ల బస్తాలు, ఉప్పు, కలప, పెళ్ళివారు, యాత్రికులు అందరూ పడవ ఎక్కినవారే. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో పడవను లాగేవారు. నీటిదారులే భారతదేశానికి తగినవని కాటన్ గట్టిగా వాదించాడు. కాలువ పొలానికి నీరిస్తుంది, సరకునూ మోస్తుంది, ఖర్చు కూడా తక్కువ. రైలు ఇచ్చేది వేగం ఒక్కటే అని ఆయన వాదన. 1870లలో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట కూడా ఆయన ఇదే మాట చెప్పాడు. ప్రభుత్వం మాత్రం రైలు వైపే మొగ్గింది. కాటన్ ఆశించిన కాలువల కూడలి మీదనే కాలక్రమంలో రైళ్ల కూడలి వెలసింది.

బెజవాడ దిశగా వచ్చిన తొలి రైలుమార్గాలలో ఒకదాని వెనుక కరువు ఉన్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పట్టి పీడించిన మహాక్షామాన్ని తెలుగువారు 'ధాత కరువు' అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు అస్థిపంజరాల నేలగా మారాయి. ఆ సమయంలో కృష్ణా, గోదావరి డెల్టాలలో ధాన్యం పండుతూనే ఉన్నది. అయితే దానిని వందల మైళ్ల దూరం ఎడ్లబండ్లపై తరలించాలంటే, దారిలో ఎడ్లకే మేత, నీరు దొరకని పరిస్థితి. క్షామ నివారణకు రైలుమార్గాలు వేయాలని 1880లో క్షామ సంఘం సిఫారసు చేసింది. దాని ఫలితమే బళ్ళారి-కృష్ణా స్టేట్ రైల్వే. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నిర్వహణలో ఈ మార్గం గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా, నల్లమల కొండలలో సొరంగాలు తొలుచుకొని, లోయలపై ఎత్తైన వంతెనలు దాటి గుంటూరుకు, అక్కడి నుండి 1890 నాటికి కృష్ణ ఒడ్డుకు చేరింది. కరువు నేలను పంట నేలతో కలపడం దాని ఆశయం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రైలు ధాన్యాన్ని కరువు ప్రాంతానికి చేర్చగలదు. కొనే శక్తిని చేర్చలేదు. ధాత కరువులోనే రైలు సౌకర్యం ఉన్న ఊళ్లకు ధాన్యం వచ్చినా, ధరలు అందుబాటులో లేక పేదలు ఆకలితో మరణించారు. అంతేకాక ఏ దారిన ధాన్యం రాగలదో, ఎక్కువ ధర పలికే చోటికి అదే దారిన పోగలదు కూడా. దారి ఎవరికి మేలు చేస్తుందనేది దారిని బట్టి కాక, దానిని వాడుకునే వ్యవస్థను బట్టి ఉంటుంది.

బెజవాడకు ఉత్తరం నుండి వచ్చిన మార్గానికి కారణం బొగ్గు. హైదరాబాదు సంస్థానంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఇల్లందు ప్రాంతంలోని సింగరేణి గ్రామం వద్ద బొగ్గు నిక్షేపాలు ఉన్నట్లు అప్పటికే తెలిసింది. ఆ బొగ్గును వెలికితీసి అమ్మాలంటే రైలు కావాలి. ఈ లక్ష్యంతో 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని 'గ్యారంటీ' అనే మాటకు అర్థం ఉన్నది. రైలు లాభం తెచ్చినా తేకపోయినా, లండనులో వాటాలు కొన్నవారికి నిర్ణీత వడ్డీ చెల్లించే పూచీ సంస్థాన ఖజానా వహించింది. అనగా నష్టభారం ప్రజల మీద, లాభం వాటాదారులకు అన్నమాట. 'చాందా రైల్వే' పథకంగా పేరుపడిన ఈ ఏర్పాటు షరతులు ప్రజలకు తెలియజేయాలని 1883లో హైదరాబాదులో ఆందోళన జరిగింది. అందులో పాల్గొన్న విద్యావేత్త అఘోరనాథ చటోపాధ్యాయను ప్రభుత్వం నగరం నుండి బహిష్కరించింది. కవయిత్రి సరోజినీ నాయుడు ఆయన కుమార్తె. ప్రజాధనం ఖర్చును గురించి ప్రశ్నించడం హైదరాబాదులో రైలుతోనే మొదలైందని చెప్పినా తప్పులేదు. ఆ మార్గం 1886లో వరంగల్లు ప్రాంతానికి, 1889లో బెజవాడకు చేరింది.

మూడవ మార్గం తూర్పు తీరానిది. 1893, 1896 సంవత్సరాల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుండి కటకం వరకు తీరప్రాంతాన్ని కలుపుతూ సాగింది. కృష్ణపై వంతెన లేచి, 1899లో మద్రాసు మార్గం కూడా ప్రారంభమైంది. ఉత్తరాన నిజాం రాజ్యం, ఈశాన్యాన కళింగ తీరం, దక్షిణాన మద్రాసు, పడమట దత్తమండలాలు. ఈ నాలుగు దిక్కుల దారులూ పదేళ్లకు కొంచెం ఎక్కువ కాలంలో బెజవాడలో ఒకటయ్యాయి. బందరు మార్గం 1908లో వచ్చింది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య మార్గం పూర్తి కావడంతో ఢిల్లీ నుండి మద్రాసుకు నేరుగా దారి ఏర్పడింది. అప్పటి నుండి దేశపు ఉత్తర దక్షిణాలను కలిపే మార్గం, తూర్పు తీరపు మార్గం రెండూ బెజవాడలో కలుసుకుంటున్నాయి.

మార్గాలు కలిసినంత మాత్రాన బండ్లు కలిసినట్లు కాదు. రెండు పట్టాల మధ్య దూరాన్ని 'గేజ్' అంటారు. నిజాం మార్గానికి, తీరపు మార్గానికి, మద్రాసు మార్గానికి ఆ దూరం 1.676 మీటర్లు. దీనిని బ్రాడ్ గేజ్ అన్నారు. తక్కువ ఖర్చుతో వేసిన గుంతకల్లు మార్గానికి అది ఒక మీటరు మాత్రమే. ఒక గేజ్ మీద నడిచే పెట్టె మరొక గేజ్ మీద నడవదు. కాబట్టి ఒక బండిలో వచ్చిన బస్తాను దించి మరొక బండిలో ఎక్కించక తప్పేది కాదు. ఈ పని యంత్రాలది కాదు, హమాలీల వీపులది. పాలకులు ఖర్చు తగ్గించుకొనడానికి తీసుకున్న నిర్ణయపు భారాన్ని నూరేళ్లపాటు కూలీలు మోశారు. 1992లో దేశవ్యాప్తంగా ఏక గేజ్ విధానం మొదలైన తరువాత, ఆ దశాబ్దంలోనే గుంటూరు-గుంతకల్లు మార్గం బ్రాడ్ గేజ్‌గా మారింది.

ఈ కూడలి వలన బెజవాడ ఎంత పొందిందో తెలుసుకొనడానికి బందరును, అనగా మచిలీపట్నాన్ని, దాని ప్రక్కన పెట్టి చూడాలి. బందరు ప్రాచీనమైన ఓడరేవు. ఆంగ్లేయులు 1611లోనే అక్కడ వర్తకశాల నెలకొల్పారు. సన్నని అద్దకపు వస్త్రాలు ఆ రేవు నుండి దేశదేశాలకు వెళ్లేవి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది ప్రాణాలు కోల్పోవడం ఆ పట్టణానికి పెద్ద దెబ్బ. అయినా జిల్లా కేంద్రంగా అది తన స్థానాన్ని నిలుపుకుంది. 1901 జనాభా లెక్కల ప్రకారం బందరులో 39,000 మందికి పైగా ఉండగా, బెజవాడలో ఉన్నవారు సుమారు 24,000 మంది మాత్రమే. 2011 నాటికి విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. బందరు జనాభా సుమారు 1,70,000. ఈ మార్పుకు రైలు ఒక్కటే కారణం కాదు. ఆనకట్ట, డెల్టా వ్యవసాయం, తరువాత వచ్చిన రహదారులు, లారీల వ్యాపారం కూడా కారణాలే. అయితే వర్తకుడు ఎక్కడ గిడ్డంగి కట్టుకోవాలో, మిల్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడంలో నాలుగు దారులున్న ఊరికే మొగ్గు ఉంటుంది. బందరుకు రైలు వచ్చేసరికి ప్రధాన మార్గాలన్నీ బెజవాడలో స్థిరపడ్డాయి. అది కూడలి అయింది. బందరు చివరి స్టేషను అయింది.

పడవలు కూడా ఇదే విధంగా వెనుకబడ్డాయి. మరమ్మతుల కోసం ఏటా వేసవిలో కాలువలకు నీరు కట్టివేసేవారు. రైలుకు అటువంటి విరామం లేదు. క్రమంగా పడవవారు, గట్ల మీద తాడు లాగినవారు, రేవుల వద్ద పూటకూళ్లు నడిపినవారు బ్రతుకుతెరువు మార్చుకోవలసి వచ్చింది. కాలువలు నేటికీ విజయవాడ నడిబొడ్డున పారుతున్నాయి. వాటిలో ఒకప్పుడు మద్రాసు ప్రయాణం సాగిందని ఆ వంతెనల మీదుగా నడిచేవారిలో చాలామందికి తెలియదు.

బెజవాడ స్టేషనుకు మరొక విశిష్టత ఉన్నది. స్వాతంత్ర్యానికి పూర్వం తెలుగువారు రెండు ప్రభుత్వాల క్రింద జీవించారు. బెజవాడ మద్రాసు రాజధానిలోనిది. ఉత్తరంగా కొద్ది దూరం సాగి ఎర్రుపాలెం చేరితే నైజాం రాజ్యం. అక్కడ చెల్లే నాణెం హాలీ సిక్కా. కచ్చేరి భాష ఉర్దూ. సరిహద్దు దాటే సరకుపై 'కరోడ్‌గిరీ' అనే సుంకం. ఇరుప్రక్కల మాట్లాడే మాట మాత్రం తెలుగే. మధిర, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాలవారు, కోస్తా ప్రాంతంవారు తరచుగా ఎదురుపడే చోట్లలో బెజవాడ ప్లాట్‌ఫారం ముఖ్యమైనది. రైలుతోపాటు పత్రికలు, పుస్తకాలు, భావాలు సరిహద్దు దాటాయి. 1947, 1948 సంవత్సరాలలో నైజాం రాజ్యంలో రజాకార్ల దౌర్జన్యాలు పెరిగినపుడు అనేక కుటుంబాలు కృష్ణా జిల్లాకు తరలివచ్చి తలదాచుకున్నాయి. బొగ్గు కోసం వేసిన దారి ఆనాడు ప్రాణరక్షణకు దారి అయింది.

జాతీయోద్యమంలో కూడా ఈ కూడలికి పాత్ర ఉన్నది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం బెజవాడలో జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అనే లక్ష్యాలు అక్కడే నిర్ణయించారు. పింగళి వెంకయ్య తాను రూపొందించిన పతాకాన్ని గాంధీజీకి అందించినది కూడా ఆ సందర్భంలోనే. జిల్లా కేంద్రం కాని పట్టణంలో దేశనాయకులందరూ సమావేశం కాగలిగారంటే, నలుదిక్కుల నుండి అక్కడికి రైళ్లు ఉండడం అందుకు తోడ్పడింది. బ్రిటిష్ ప్రభుత్వం సైన్యాన్ని, సరకును తరలించడానికి వేసిన పట్టాల మీదనే దాని పాలనను ప్రశ్నించినవారూ ప్రయాణించారు.

స్వాతంత్ర్యానంతరం కంపెనీల పేర్లు చరిత్రలో కలిసిపోయాయి. సదరన్ మరాఠా రైల్వే, మద్రాసు రైల్వే 1908లోనే ఒకటై మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారాయి. 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినపుడు విజయవాడ డివిజను అందులో చేరింది. ఒకప్పుడు రెండు రాజ్యాలకు చెందిన మార్గాలు ఆ విధంగా ఒకే మండలం క్రిందికి వచ్చాయి. 1980 నాటికి మద్రాసు-విజయవాడ మార్గం విద్యుదీకరణ పొందింది. బొగ్గుపొగ స్థానంలో విద్యుత్తీగలు వచ్చాయి. 2003లో గుంటూరు ప్రత్యేక డివిజనుగా వేరుపడింది.

పది ప్లాట్‌ఫారాలున్న ఈ స్టేషనులో ఒక దృశ్యం కొత్తవారికి వింతగా తోస్తుంది. విశాఖపట్నం నుండి హైదరాబాదు వెళ్ళే కొన్ని బండ్లు ఇక్కడ ఆగిన తరువాత ఇంజను ముందు నుండి విడివడి వెనుకకు చేరుతుంది. బండి వచ్చిన దిక్కుగానే మరల కదలుతుంది. నిద్ర నుండి లేచిన ప్రయాణికులు వెనుకకు పోతున్నామేమో అని కంగారు పడతారు. కారణం సులభమైనదే. విశాఖపట్నం మార్గం, కాజీపేట మార్గం రెండూ స్టేషనుకు ఉత్తర భాగాననే చీలుతాయి. దక్షిణాన ఉన్నవి కృష్ణ దాటి పోయే మార్గాలు. ఈ శ్రమ తప్పించడానికి గుణదల వైపు నుండి రాయనపాడు వైపుకు ప్రక్కదారి కూడా ఉన్నది. ఈ అమరిక ఎవరో ఒకరు ఒకేసారి కూర్చుని గీసినది కాదు. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు అవసరాలతో, వేర్వేరు కాలాలలో వేసిన దారులు ఒకచోట కలిసినందువలన ఏర్పడినది. ఇంజను దిశ మార్చుకొనే ఆ కొద్ది నిమిషాలలో నూరేళ్లనాటి నిర్ణయాలు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి.

కూడలికి బలం ఎంత ఉన్నదో బలహీనత కూడా అంత ఉన్నది. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుండపోత వర్షాలకు మహబూబాబాదు జిల్లాలోని కేసముద్రం, ఇంటికన్నె స్టేషనుల మధ్య పట్టాల క్రింది కట్ట కొట్టుకుపోయింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక ప్రాంతాలు మునిగాయి. రాయనపాడు స్టేషనును నీరు చుట్టుముట్టింది. ఉత్తర దక్షిణ భారతాల మధ్య నడిచే ఎన్నో రైళ్లు రద్దయ్యాయి, లేదా దారి మళ్లాయి. రైల్వే కార్మికులు రేయింబవళ్లు శ్రమించి కొద్ది రోజులలోనే మార్గాన్ని పునరుద్ధరించారు. ఒక కట్ట తెగితే దేశంలో ఎక్కడెక్కడి ప్రయాణాలు నిలిచిపోతాయో, ఎందరి చేతుల కష్టం మీద ఒక కూడలి నడుస్తున్నదో ఆ రోజులలో ప్రజలు గుర్తించారు.

విజయవాడ స్టేషను కథలో కరువు ఉన్నది, బొగ్గు ఉన్నది, వాటాదారుల లాభం ఉన్నది, హమాలీల చెమట ఉన్నది. పెరిగిన ఊరు ఉన్నది. తగ్గిన రేవు ఉన్నది. దారులు వేసినవారి ఆశయాలు వేరు; వాటిపై నడిచిన ప్రజలు సాధించుకున్న ప్రయోజనాలు వేరు. నేడు కూడా కొత్త రైలుమార్గాలు, రహదారులు, రేవులు ప్రతిపాదనలలో ఉంటూనే ఉన్నాయి. మన ఊరికి దారి వస్తుందా అని అడగడం సహజమే. ఆ దారి ఎవరిని కలుపుతుంది, ఎవరిని ప్రక్కకు నెడుతుంది, దాని ఖర్చు ఎవరు భరిస్తారు అని కూడా అడగాలి. 1883లో హైదరాబాదు పౌరులు వేసిన ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు కాలదోషం పట్టలేదు.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బెజవాడ నాలుగు రైలుమార్గాల కూడలిగా ఏర్పడిన క్రమాన్ని వివరించండి.
2. రైలు రాకతో బెజవాడ, బందరు, కాలువ పడవలు పొందిన మార్పులను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నీటిదారులను గురించి కాటన్ వాదన ఏమిటి? అది సమంజసమని మీరు భావిస్తారా?
2. గేజ్ భేదం వలన కలిగిన ఇబ్బందులను తెలపండి.
3. మీ ఊరికి సమీపంలోని రైల్వే స్టేషను లేదా బస్సు స్టేషను వలన వచ్చిన మార్పులను పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. 'గ్యారంటీ' వలన నష్టభారం ఎవరిపై పడింది?
2. కరోడ్‌గిరీ అనగా నేమి?
3. ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా దారి ఏర్పడినది ఏ సంవత్సరంలో?